టిష్యూకల్చర్‌లో పిండాలు, హార్మోన్లు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి అరటి మొక్కల కోసం బెంగళూరు వచ్చే రైతులను, ప్రాజెక్టు పని మీద ఇక్కడి ప్రయోగశాలల్లో చేరే మన విద్యార్థులను తరచూ కలుస్తుంటాను. టిష్యూకల్చర్ అంటే మొక్క నుంచి తీసిన చిన్న ముక్కను సీసాలో, పోషకాలున్న మీడియంలో పెంచి కొత్త మొక్కలు తీయడం. అందులో వాడే హార్మోన్ల మీద అందరికీ బోలెడు సందేహాలు. ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అపోహ: హార్మోను ఎంత ఎక్కువ వేస్తే అన్ని ఎక్కువ పిండాలు వస్తాయి.

వాస్తవం: విద్యార్థుల నెలల శ్రమను వృథా చేసే నమ్మకమిది. పిండమంటే మామూలుగా విత్తనం లోపల ఉండే, మొక్కగా ఎదిగే తొలి రూపం. విత్తనంతో పని లేకుండా మామూలు కణాల నుంచే పిండాలు పుడతాయని 1958లో స్టీవార్డ్, రైనర్ట్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా క్యారెట్‌లో చూపించారు. ఆ క్యారెట్‌నే గమనించండి. ముక్కను 2,4-డి అనే, ఆక్సిన్ రకం కృత్రిమ హార్మోను కలిపిన మీడియంలో ఉంచితే కణాలు విభజన చెంది, కాలస్ అనే ఆకారం లేని కణాల ముద్ద అవుతుంది. పిండాలు కాగల కణాల గుంపులు అందులో తయారవుతాయి. 2,4-డి ఉన్నంతకాలం అవి గుంపులుగానే పెరుగుతూ ఉంటాయి. అది లేని మీడియంలోకి మార్చాకే గుండ్రటి పిండం కనిపిస్తుంది. తర్వాత అది హృదయాకారానికి, ఆ తర్వాత టార్పెడో ఆకారానికి వస్తుంది.

2,4-డి తీసేస్తేనే పిండం ఎందుకు ఎదుగుతుంది? పిండానికి పైన బీజదళాలు, కింద వేరు ఏర్పడాలంటే ఆక్సిన్ ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉండాలి. కణాలు దాన్ని ఒక దిశలో పంపుకుంటూ ఆ తేడాను నిలబెడతాయి. బయటి నుంచి ముంచెత్తితే తేడా చెరిగిపోతుంది. ఆవ మొక్క పిండాల్లో ఆక్సిన్ రవాణాను రసాయనంతో అడ్డుకుంటే బీజదళాలు రెండుగా విడిపోకుండా చుట్టూ ఒకే కాలరులా కలిసిపోయి పెరిగాయని 1993లో తేలింది. 2,4-డిలో ఎక్కువకాలం ఉంచిన ప్లేటును సూక్ష్మదర్శిని కింద చూస్తే ఇలాంటివి కనబడుతుంటాయి. బీజదళాలు అతుక్కుని పైభాగం బూరలా తెరుచుకున్న పిండాలవి. వాటి నుంచి చక్కని మొక్క రావడం కష్టం. అందుకే ఎన్ని మిల్లీగ్రాములు వేయాలని అడిగేవారికి, ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు తీసేయాలో ముందు తేల్చుకోమని చెబుతాను.

అపోహ: ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల నిష్పత్తి సరిగ్గా కుదిరితే అన్నీ అవే వస్తాయి.

వాస్తవం: ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ ఎక్కువైతే చిగుర్లు అన్న సూత్రాన్ని స్కూగ్, మిల్లర్ 1957లో పొగాకు కణజాలంలో కనుగొన్నారు. అది వేరు, చిగురు విడివిడిగా పుట్టే తీరు. పిండానికి రెండు కొసలూ ఒకేసారి ఏర్పడాలి, కాబట్టి ఆ లెక్క దీనికి నేరుగా అతకదు. పైగా పంటను బట్టి దారి మారుతుంది. మన కర్ణాటక తోటల్లోని రోబస్టా కాఫీ ఆకు ముక్కను సైటోకైనిన్ ఒక్కదానితోనే ఉంచినా, కోసిన అంచుల వెంట నేరుగా పిండాలు మొలుస్తాయి. ఇక్కడ ఆక్సిన్ కలిపితే మేలు కన్నా అడ్డే ఎక్కువ.

పిండం కనిపించగానే పని అయిపోయిందనుకోవడమూ పొరపాటే. అది నిల్వ ప్రోటీన్లు కూడబెట్టుకోవాలి, తొందరపడి మొలకెత్తకూడదు. విత్తనంలో ఈ పని చూసేది ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను. పైన్, స్ప్రూస్ వంటి చెట్ల పిండాలను పక్వానికి తేవడానికి మీడియంలో దాన్ని కలుపుతారు. పక్వానికి వచ్చాక దాన్నీ తీసేయాలి, లేదంటే మొలకెత్తవు.

అపోహ: టిష్యూకల్చర్ అరటి హార్మోన్లతో, జన్యుమార్పిడితో వచ్చింది, పండు తింటే ప్రమాదం.

వాస్తవం: వ్యాపారానికి వచ్చే అరటి మొక్కలు చాలావరకు పిలక లోపలి మొగ్గ కొనను చిగుర్లుగా పెంచి తీసినవి. అందులో జన్యువులు మార్చే పని ఏదీ లేదు. లీటరు మీడియంలో కొద్ది మిల్లీగ్రాముల సైటోకైనిన్ వాడతారు. వేళ్లు వచ్చాక మొక్క షేడ్‌నెట్ కింద గట్టిపడి, పొలంలో నెలల తరబడి తన సొంత హార్మోన్లతోనే పెరిగి గెల వేస్తుంది. రైతు భయపడాల్సింది వైరస్ సోకిన మొక్కల గురించి. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2006లో ఈ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ పద్ధతి తెచ్చింది. వైరస్ పరీక్ష, జన్యు ఏకరూపత పరీక్ష అందులో భాగం. ఆ ధ్రువీకరణ ఉందో లేదో అడిగి తీసుకోండి.

అపోహ: కణాల నుంచి పెంచినవన్నీ తల్లి మొక్కకు అచ్చుగుద్దినట్లుంటాయి.

వాస్తవం: గోదావరి జిల్లాల్లో ఆయిల్‌పామ్ వేసినవారికి ఇది ముఖ్యం. కాలస్ నుంచి పెంచిన ఆయిల్‌పామ్ మొక్కల్లో కొన్ని చూడటానికి ఆరోగ్యంగానే పెరిగి, కాపుకు వచ్చాక వికృతమైన కాయలు వేశాయి. కేసరాలు కావలసినవి అండకోశ భాగాల్లా మారడం వల్ల దిగుబడి పడిపోయింది. 2015లో కారణం దొరికింది. పూల అమరికను నడిపే ఒక జన్యువులో 'కర్మ' అనే భాగం మీద ఉండవలసిన మిథైల్ గుర్తులు, అంటే జన్యువు పనితీరును అదుపు చేసే రసాయన గుర్తులు, పోయాయి. డీఎన్ఏ అక్షరాలు మారలేదు. కాలస్‌గా ఎక్కువకాలం ఉంచితే ఇలాంటి మార్పుల ముప్పు పెరుగుతుంది, అందుకే ఆ దశను వీలైనంత కుదించాలి. కొత్త మీడియంలోకి ఎన్నోసారి మారుస్తున్నామో ప్రతి సీసా మీద తేదీతో పాటు రాయాలి. హద్దు దాటిన సీసాను, లోపలి కణజాలం ఎంత కళగా ఉన్నా, పారేయాలి.