పెదనాన్న ఫైల్లో లేని కాగితం

మా పెదనాన్న విశాఖ స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఇల్లు కూర్మన్నపాలెంలో. నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు 42,000 వచ్చాయి. ఉండాల్సింది 4,000 నుంచి 11,000. ఇంకో రెండు పరీక్షలయ్యాక జబ్బు పేరు తెలిసింది: క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా. డాక్టర్లు సీఎల్ఎల్ అంటారు. నిదానంగా సాగే బ్లడ్ కేన్సర్.

ఇప్పుడే మందులక్కర్లేదు, మూడు నెలలకోసారి కౌంటు చూపించుకోండి అన్నారు. సరైన సలహానే. ఏ బాధా లేని సీఎల్ఎల్‌కి తొందరపడి మందు మొదలుపెడితే ఆయుష్షేమీ పెరగదని ఏనాడో తేలింది. పెదనాన్న కూడా డ్యూటీకి వెళ్లినంత పద్ధతిగా ఐదేళ్లు వెళ్లొచ్చారు. ప్రతి రిపోర్టూ తారీఖు వారీగా పసుపు ఫైల్లో పెట్టుకున్నారు. ఆరో ఏడు జనవరిలో న్యుమోనియా వచ్చింది. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు.

డిశ్చార్జి రోజు ఒక కుర్ర డాక్టరు ఫైలు మొత్తం తిరగేసి, "న్యుమోకాకల్ టీకా కాగితం ఏదండీ?" అని అడిగాడు. న్యుమోనియా తెచ్చే ఒక రకం బాక్టీరియాని అడ్డుకునే టీకా అది. మేం ముఖముఖాలు చూసుకున్నాం. మంచం మీంచి పెదనాన్నే అందుకున్నారు: "కేన్సరొచ్చినోడికి టీకాలేట్రా బాబూ!"

ఈ మాటతోనే నా పేచీ. తలుపు విరిగినవాడు గొళ్లెం సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి కదా.

నలభై వేల తెల్లకణాలుంటే రోగాన్ని తట్టుకునే శక్తి కూడా ఎక్కువే అనిపిస్తుంది. పెదనాన్నకి ఆయన భాషలోనే చెప్పాను: షిఫ్టులో అందరికీ పంచింగ్ పడింది, షెడ్డు నిండా మనుషులే, కానీ మిల్లు నడిపేవాడు ఒక్కడూ లేడు. సీఎల్ఎల్‌లో పెరిగేవి బి లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలు. మామూలుగా ఒక్కొక్క బి కణం ఒక్కొక్క శత్రువుని గుర్తుపట్టి, దానికి తగ్గ యాంటీబాడీల తయారీకి మూలమవుతుంది. ఇక్కడ ఒకే కణానికి నకళ్లు పుట్టుకొచ్చి మిగతావాటి చోటు ఆక్రమిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి. అందుకే ఈ జబ్బున్నవాళ్లలో చాలామందిని చివరికి పడగొట్టేది ఇన్ఫెక్షనే.

టీకా పని చెయ్యాలన్నా ఆ బి కణాలే కావాలి. కాబట్టి జబ్బు తెలిసిన కొత్తలో, శరీరానికి ఇంకా కాస్త శక్తి ఉండగానే వేయించుకోవాలి. కీమో మొదలుపెట్టేటట్లయితే కనీసం రెండు వారాల ముందు. రిటుక్సిమాబ్ లాంటి మందు పడితే అది బి కణాలన్నిటినీ తుడిచిపెడుతుంది గనక, ఆర్నెల్లదాకా టీకా వేసినా దాదాపు వృథాయే. పెదనాన్న విషయంలో మంచి అదను ఆ మొదటి ఏడాదే. కేన్సర్ డాక్టరు టీకాలు ఫ్యామిలీ డాక్టరు చూస్తాడనుకున్నారు. ఫ్యామిలీ డాక్టరేమో ఏదడిగినా "మీ కేన్సర్ డాక్టర్నే అడగండి" అనేవారు. మధ్యలో మేమూ అడగలేదు.

పసిపిల్లలకి న్యుమోకాకల్ టీకా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. పెద్దలకి సొంత డబ్బే. ఫ్లూ టీకా ఏటేటా కొత్తది, ఎందుకంటే వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది. మన దగ్గర ఫ్లూ ఒకసారి వానల్లో, మళ్లీ జనవరి నుంచి మార్చి మధ్యలో రేగుతుంది. ఇక సర్పి. కొన్ని చోట్ల అక్కి అంటారు, ఎర్రమన్నుతో రాయించుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడొచ్చిన ఆటలమ్మ వైరస్సే నరాల్లో నక్కి, శక్తి తగ్గగానే లేస్తుంది. దీనికి బతికున్న వైరస్ లేని టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, రెండు డోసులు. ఖరీదెక్కువే. బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలు మాత్రం బ్లడ్ కేన్సర్ ఉన్నవాళ్లకి వెయ్యకూడదు. ఇంట్లో మనవడికి పోలియో చుక్కలు వేయించేటప్పుడు కూడా ఇలాంటి తాత ఉన్నాడని పిల్లల డాక్టరుకి ముందే చెప్పాలి. చుక్కల్లోని వైరస్ కొన్ని వారాలపాటు పిల్లాడి మలంలో బయటికి వస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో గుడ్డలు మార్చే పని తాతకి పెట్టకండి.

టీకా సంగతి నెలల లెక్క. కీమో నడుస్తున్నవాళ్లకి జ్వరం గంటల లెక్క.

మనకి పుండు పడితే చీము పడుతుంది. ఆ చీములో ఎక్కువ భాగం పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలే. కీమో తర్వాత న్యూట్రోఫిల్స్ 500 కన్నా దిగిపోయినవాడికి చీము పట్టదు, ఎర్రబడదు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షనున్నా ఒక్కోసారి ఎక్స్‌రే శుభ్రంగా కనిపిస్తుంది. లోపల ఇల్లు తగలబడుతుంటే బయటికి పొగ కూడా రాదు. మిగిలిన ఒక్క గుర్తు జ్వరం. మనం చేసే మొదటి పని ఏమిటి? పారాసిటమాల్ మాత్ర వేసి ఆ గుర్తుని చెరిపేయడం! రెండో పని, వీధి చివర ఆరెంపీ దగ్గర సూదిమందు పొడిపించడం. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారి పేరుకుని చెయ్యంతా వాస్తుంది. థర్మామీటరు ఒక్కసారి 101 చూపించినా, 100.4 గంటసేపు దిగకపోయినా, తెల్లారేదాకా ఆగకూడదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి.

గాజువాకలో ఉన్నవాళ్లకి అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి పక్కనే. పాడేరు నుంచి వచ్చే మనిషి సంగతి? దాదాపు వంద కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు, అర్ధరాత్రి. కీమో వారాల్లో బస్తీలోనే చుట్టాలింట్లో ఉండటమా, లేక దగ్గర్లో ఏ ఆసుపత్రిలో మొదటి డోసు వేస్తారో ముందే కనుక్కుని ఆ నంబరు గోడ మీద రాసుకోవడమా, ఏదో ఒకటి తేల్చుకోవాలి. నా దృష్టిలో అది కూడా మందే.

పెరుగు మాన్పించడం, పండ్లు ముట్టనివ్వకపోవడం లాంటి కట్టుబాట్లకి ఇళ్లలో కొదవ లేదు. పచ్చివన్నీ నిషేధించినా ఇన్ఫెక్షన్లు తగ్గలేదని పరిశోధనల్లో తేలింది. చేతులు, నీళ్లు, కడగడం ముఖ్యం. అయితే కౌంటు పడిపోయిన రోజుల్లో బీచ్ రోడ్డు ముంత మసాలా మాత్రం వద్దు.

పోయినేడు పెదనాన్నకి సీఎల్ఎల్‌కి వాడే ఇబ్రుటినిబ్ అనే మందు మొదలుపెట్టారు. అంతకు ముందు హెపటైటిస్ బి పరీక్ష అడిగి మరీ చేయించాం. ఎప్పుడో వచ్చి లివర్లో పడుకున్న ఆ వైరస్ ఇలాంటి మందులతో లేచి కూర్చోగలదు. ఇబ్రుటినిబ్ బీపీ పెంచుతుంది, గుండె లయ తప్పించవచ్చు. అందుకని పెద్దమ్మ రోజూ బీపీ మిషను పట్టుకుని కూర్చుంటుంది. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని మందు కాగితంలో ఉంది. పేరు చూసి ద్రాక్ష అనుకునేరు, మన పంపర పనసకీ బత్తాయి జాతికీ పుట్టిన సంకరం అది. మందుని అరగదీసే ఎంజైముని అడ్డుకునే రసాయనాలు పంపర పనసలోనూ ఉన్నాయి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పండుని పెదనాన్న చూసి ఊరుకున్నారు.

ఓపీ దగ్గర కూర్చున్న రోజుల్లో భీమిలి వైపు ముసలమ్మ ఒకామె పరిచయమైంది. మైలోమా, అంటే ఎముక మూలుగలో పుట్టే బ్లడ్ కేన్సర్. ఎముకలు గట్టిపడే జోలెడ్రోనిక్ ఇంజెక్షను రాశారు. ఆ మందు పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది, అందుకని ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. తోడు లేదంటే నేను వెళ్లాను.

"ఎముకలకని వొస్తే నోరు తెరమంటారేటమ్మా?" అంది.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి పళ్లు చూసింది, తర్వాత అద్దం పైకి తిప్పి అంగిలి చూసింది. చాలాసేపు చూసింది. తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రటి చుక్కలు. "చుట్ట అడ్డపొగ కాలుస్తావా?" అని అడిగింది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం ఈ తీరంలో ఆడవాళ్లకి తరాల అలవాటు. దాంతో అంగిలి ఎలా కాలుతుందో, కేన్సర్ ఎలా పుడుతుందో ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు 1970ల్లోనే రాశారు. ఏడాదిగా ఈమె రక్తం ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు, నోరు మాత్రం అదే మొదటిసారి చూడటం. బయాప్సీకి చీటీ రాశారు.

బయటికొచ్చాక ఆమె చెంగుముడి విప్పి, సగం కాలిన చుట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. పారెయ్యలేదు. మళ్లీ ముడేసుకుని, "భీమిలి బస్సు ఎన్ని గంటలకమ్మా?" అని అడిగింది.