పుణె నుంచి వచ్చి ఢిల్లీకి పోయిన హైదరాబాద్ ఎఫ్‌సీ

2025 అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అంతకు మూడేళ్ల ముందు దేశంలోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు ఊరే మార్చేసింది. చాలామందికి ఇది హఠాత్తుగా జరిగినట్టు అనిపించింది కానీ, ఈ జట్టు హైదరాబాద్‌కు వచ్చిన తీరు చూస్తే పెద్దగా ఆశ్చర్యం కలగదు. ఇది ఇక్కడ పుట్టి పెరిగిన క్లబ్ కాదు. 2019లో పుణె సిటీ అనే క్లబ్ మూతపడితే లీగ్‌లో ఒక సీటు ఖాళీ అయింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఆ సీటు తీసుకుని హైదరాబాద్‌లో జట్టు పెట్టారు. సీటుతో పాటు మార్సెలీన్యో, ఆదిల్ ఖాన్, కట్టిమణి, నిఖిల్ పూజారి లాంటి పుణె ఆటగాళ్లూ వచ్చేశారు. విచిత్రం ఏమిటంటే, అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు జట్టు పోగొట్టుకున్న ఢిల్లీకి ఆరేళ్ల తర్వాత మన జట్టు దక్కింది.

ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చినప్పుడు భారత జట్టు కోచ్ ఆయనే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ ఈ ఊరివాళ్లే. ఆ వారసత్వం గురించి కొత్త క్లబ్ కూడా గట్టిగానే చెప్పుకుంది. కానీ ఆ పాత జట్ల వెనుక పోలీసు ఉద్యోగాలు ఉండేవి, బస్తీ మైదానాలు ఉండేవి. కొత్త జట్టు వెనుక ఉన్నది ఫ్రాంచైజీ ఒప్పందం, యజమానుల జేబు.

మొదటి సీజన్ (2019-20) ఘోరంగా సాగింది. కోల్‌కతాలో తొలి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0-5తో చిత్తయింది. గచ్చిబౌలిలో ఆడిన మొదటి మ్యాచ్ మాత్రం తీపి గుర్తు. 2019 నవంబర్ 2న కేరళ బ్లాస్టర్స్ తరఫున రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. స్టాంకోవిచ్ పెనాల్టీతో స్కోరు సమం చేస్తే, చివర్లో మార్సెలీన్యో ఫ్రీకిక్‌తో 2-1గా గెలిపించాడు. ఆ తర్వాత అంతా ఓటములే. ఇంగ్లండ్ కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరిలో పంపించేశారు. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు.

తర్వాత కోచ్‌గా వచ్చిన ఆల్బర్ట్ రోకా ఒక్క సీజన్ కూడా నడపకుండానే బార్సిలోనా నుంచి పిలుపు వస్తే వెళ్లిపోయాడు. 2020 ఆగస్టు చివర్లో హడావుడిగా మానోలో మార్కెజ్‌ను తెచ్చారు. ఈ క్లబ్ చరిత్రలో కుదిరిన అదృష్టం ఏదైనా ఉందంటే అదే. పేరున్న ఆటగాళ్ల కోసం ఆయన పట్టుబట్టలేదు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, హితేశ్ శర్మ, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లకు వరసగా అవకాశాలిచ్చాడు. 2020-21లో 20 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే, డ్రాలు మాత్రం పదకొండు. చివరి మ్యాచ్‌లో ఎఫ్‌సీ గోవాపై గెలిస్తే ప్లేఆఫ్స్‌కు వెళ్లేది. 0-0తో ఆగిపోయి ఐదో స్థానంతో సరిపెట్టుకుంది.

2021-22 సీజన్‌ను కాస్త వివరంగా చెప్పుకోవాలి. నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. లీగ్ దశలో జట్టుకు 38 పాయింట్లు, రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో దాటింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో ఫైనల్, ఎదురుగా మళ్లీ కేరళ. స్టేడియమంతా పసుపుమయం. అయితే అది కేరళ అభిమానుల పసుపు. రెండు జట్ల రంగూ పసుపే. పట్టికలో పైన నిలిచినందుకు ఆ జెర్సీ హైదరాబాద్‌కు దక్కడంతో కేరళ ఆటగాళ్లు వేరే రంగుతో దిగాల్సి వచ్చింది. ఈసారీ మొదటి గోల్ రాహుల్ కేపీదే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీతో స్కోరు 1-1 అయింది. ఇక షూటౌట్. కేరళ ఆటగాడు నిశూ కుమార్ షాట్‌ను గోల్‌కీపర్ కట్టిమణి ఆపాడు. కానీ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు. మొత్తం ముగ్గురి పెనాల్టీలు అడ్డుకుని 3-1తో కప్ తెచ్చిపెట్టాడు. తవోరా, కట్టిమణి ఇద్దరూ గోవా వాళ్లే. ఆడిందీ గోవాలోనే.

నా దృష్టిలో అసలు లోటు ఇక్కడే ఉంది. కోవిడ్ వల్ల రెండు సీజన్లపాటు లీగ్ మొత్తం గోవాలో, బయటివాళ్లతో కలవకుండా జట్లను ఉంచే బయోబబుల్‌లో, లీగ్ దశంతా ఖాళీ స్టాండ్ల ముందే జరిగింది. జట్టు ఎదిగింది, ఛాంపియన్ అయింది, ఆ రెండేళ్లలో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. అలవాటుగా మైదానానికి వచ్చే జనం తయారు కావాల్సిన సమయంలో ఆట టీవీకే పరిమితమైంది. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం మాత్రం చివరిదాకా అంటిపెట్టుకునే ఉంది.

సొంతగడ్డపై జనం చూసిన మంచి సీజన్ 2022-23 ఒక్కటే. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, ముంబై సిటీ 46తో లీగ్ దశలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ పట్టుకుపోయింది. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ 0-0, చివరికి పెనాల్టీల్లో ఓటమి. ఆ వేసవిలో మానోలో గోవాకు మారాడు, ఆకాశ్ మిశ్రా ముంబైకి.

డబ్బు కష్టాలు బయటపడింది 2023-24లో. జీతాల బకాయిలు పెరిగాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, జనవరి వచ్చేసరికి సీనియర్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. కోచ్ కానర్ నెస్టర్ కూడా వెళ్లిపోతే, తంగ్‌బోయ్ సింగ్టో చేతికి మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లే. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. గచ్చిబౌలిలో ఒక్కటీ లేదు. వచ్చింది 8 పాయింట్లు. ఛాంపియన్‌గా నిలిచిన రెండేళ్లకే ఇలా కుప్పకూలడం ఒక్క యజమానుల తప్పు అనుకోలేం. ఈ లీగ్‌లో క్లబ్బులకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. యజమాని చెయ్యి తీసేస్తే పట్టుకునేవాళ్లు ఉండరు.

2024 సెప్టెంబర్‌లో, సీజన్ మొదలయ్యే ముందు, బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. ఆటగాళ్లను ఆఖరి నిమిషంలో పోగుచేశారు. 24 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. అదే నెలలో మానోలో భారత జట్టు కోచ్‌గా తన తొలి మ్యాచ్ ఆడించింది గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0. ఏడాది తిరిగేసరికి జట్టు ఢిల్లీ చేరింది.

ఇప్పుడు జాతీయ స్థాయిలో హైదరాబాద్‌కు మిగిలిన పేరు శ్రీనిధి డెక్కన్. విశాఖ పేరుతో మొదలై ఇక్కడికి మారి, డెక్కన్ అరీనాలో ఆడుతున్న జట్టు. సూపర్ లీగ్ కింది స్థాయి అయిన ఐ-లీగ్ విజేతకు సూపర్ లీగ్‌కు ప్రమోషన్ ఇవ్వడం 2022-23 సీజన్‌తో మొదలైంది. ఆ ఏడు పంజాబ్, మరుసటి ఏడు మహమ్మదన్ అలా పైకి వెళ్లాయి. రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది శ్రీనిధే.