ఆపరేషన్ తర్వాత మచ్చ గట్టిపడటం, కీలు పట్టేయడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: కుట్లు తీసేశారు, ఇక మానిపోయినట్టే.

మూసుకున్నది పైచర్మం మాత్రమే. మూడు వారాలకి మచ్చకుండే బలం మామూలు చర్మంలో 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఎన్నేళ్లయినా దాదాపు 80 శాతం దగ్గర ఆగిపోతుంది. లోపల కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రొటీన్) పోగులు సర్దుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఎటు లాగితే అటు వరస కడతాయవి. కదలిక లేకపోతే, మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముద్దగా పడేసి ఎండబెట్టిన వలలా చిక్కుపడి అతుక్కుంటాయి.

మచ్చకి మర్దన ఎలా?

కోత పూర్తిగా మూసుకుని, పక్కులు రాలి, సర్జన్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. రెండు వేళ్ల కొసలు మచ్చ మీద ఆనించి పైకీ కిందికీ, అడ్డంగా, చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మమే అడుగుపొర మీద కదలాలి. గోరు కింద తెల్లబడేంత ఒత్తిడి చాలు. రోజుకి రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. చాలామంది చేసే తప్పు నూనె ఎక్కువ పోయడం. వేలు హాయిగా జారిపోతుంది, లోపల ఏదీ కదలదు.

అపోహ: కళ్లనీళ్లు తిరిగేలా వంచితేనే మోకాలు వంగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది ఇదే. బలవంతంగా వంచితే కీలు వాస్తుంది. వాపు ఉన్నంతసేపూ తొడ ముందు కండరం సరిగా బిగుసుకోదు, మర్నాటికి వంపు ఇంకా తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని మడమ వెనక్కి జరపండి. లాగుతున్నట్టు అనిపించిన చోట 30 సెకన్లు ఆపండి. ఐదుసార్లు, రోజుకి నాలుగు విడతలు. పొద్దుటికీ వాపు తగ్గలేదంటే మోతాదు మించిందనే. దెబ్బ తగిలిన మోచేతికైతే మొరటు మాలిష్ అసలు వద్దు, కండరంలో ఎముక పెరిగే ప్రమాదముంది.

అపోహ: మోకాలి కింద దిండు పెట్టుకుంటే మంచిది.

హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం వంగినట్టే పట్టేస్తుంది. దిండు మడమ కింద పెట్టి, మోకాలు గాల్లో వదిలి, పది నిమిషాలు ఉంచండి.

అపోహ: కాపడం ఎంత వేడిగా ఉంటే అంత గుణం.

మోకీలు మార్పిడి తర్వాత కోతకి బయటి వైపు చర్మం తిమ్మిరిగా ఉంటుంది. వేడి తెలియదు, బొబ్బ లేచాక గానీ చూసుకోరు. టవల్ అడ్డం పెట్టి 15 నిమిషాలు, అంతే. వాపు ఉన్న రోజుల్లో ఐసే.

మచ్చ గట్టిపడకుండా దాని మీద అతికించే సిలికాన్ షీట్ రోజుకి 12 గంటలు, కనీసం రెండు మూడు నెలలు ఉండాలి. విశాఖ ఉక్కలో దాని కింద చెమట పట్టి పేలినట్టవుతుంది. మొదట నాలుగేసి గంటలతో మొదలుపెట్టి పెంచండి. రోజూ షీటు కడిగి, చర్మం బాగా ఆరాకే అతికించండి. ఇక ఫిజియోథెరపీ మిషన్ పెడితే మచ్చ కరిగిపోతుందా? కరగదు.

మోకీలు మార్చిన ఆరు వారాలకీ 90 డిగ్రీలు వంగకపోతే సర్జన్ని కలవండి. మత్తిచ్చి వంచే పద్ధతి సాధారణంగా మొదటి 12 వారాల్లోనే బాగా పనిచేస్తుంది. ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది పట్టేయడం కాకపోవచ్చు, రక్తం గడ్డ కావచ్చు. పిసకకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.