ఐదో వారం స్కాన్‌లో ఏం కనబడుతుంది?

యూరిన్ టెస్ట్‌లో రెండు గీతలు పడగానే ఆ వారంలోనే స్కానింగ్‌కి వెళ్లేవాళ్లు ఇప్పుడు చాలామంది. తీరా రిపోర్టు చూస్తే "శాక్ ఉంది, పిండం కనబడలేదు, పది రోజులాగి మళ్లీ రండి" అని ఉంటుంది. ఇక ఆ పది రోజులూ ఇంటిల్లిపాదికీ టెన్షనే. చాలాసార్లు లోపల తేడా ఏమీ ఉండదు, చూడ్డానికి వెళ్లిన రోజే ముందయిపోయింది.

డాక్టర్లు గర్భం వయసును చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కేస్తారు. అండం విడుదలయ్యేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకు. కాబట్టి ఐదు వారాలంటే నిజంగా నిండినవి మూడే. పీసీఓడీ వల్లనో మరోదాని వల్లనో అండం ఆలస్యమైతే అవీ నిండవు.

ఆ సమయంలో గర్భసంచి లోపలి పొరలో, ఒక పక్కగా, ఆవగింజంత నల్ల చుక్క కనబడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. లోపలున్న ద్రవం ధ్వని తరంగాల్ని వెనక్కి పంపదు, అందుకే ఆ నలుపు. శాక్ అనేది దీన్నే. ఐదున్నర వారాలకు అందులో గుండ్రటి యోక్ శాక్ (తొలి రోజుల్లో పిండానికి పోషణ అందించే చిన్న సంచి), ఆరో వారం దగ్గర దాన్ని ఆనుకుని పిండం, పిండంలో మిణుకుమిణుకుమనే కదలిక. "గుండె చప్పుడు వచ్చింది" అంటాం గానీ అప్పటికి నాలుగు గదుల గుండె ఏర్పడలేదు, కొట్టుకునేది ఒక గొట్టం. ఆ వేగం తొమ్మిదో వారానికి నిమిషానికి 170 దాకా పెరిగి, తర్వాత తగ్గుతుంది. కదలికను చప్పుడుగా మార్చే డాప్లర్ అనే స్కాన్ పద్ధతి పెడితే అది వినిపిస్తుంది. కానీ డాప్లర్ తరంగాల శక్తిని ఒకేచోట గుమ్మరిస్తుంది కనుక, ఈ వారాల్లో దాన్ని వాడకుండా కదలికను గీతగా చూపించే ఎం-మోడ్ గ్రాఫ్‌తోనే కొలవడం మంచి పద్ధతి. వినిపించమని మనం అడగకపోవడం కూడా మంచిదే.

పైన చెప్పినవన్నీ యోనిలోకి ప్రోబ్ (తరంగాలు పంపే పరికరం) పెట్టి లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్ లెక్కలు. పొట్ట మీద నుంచైతే ఇవే కొన్ని రోజులు ఆలస్యంగా కనబడతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు సన్నటి వివరాలు చూపిస్తాయి గానీ లోతుకు పోలేవు, అందుకే ప్రోబ్‌ని గర్భసంచికి దగ్గరగా తీసుకెళ్తారు. పొట్ట మీద స్కాన్‌కి నీళ్లు బాగా తాగి రమ్మనడం గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు 1960లలో కనిపెట్టిన కిటుకు. నిండిన మూత్రాశయం పేగుల్ని పక్కకు నెట్టి తరంగాలకు దారిస్తుంది. టీవీఎస్‌కి మాత్రం మూత్రాశయం ఖాళీగా ఉండాలి.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న, గర్భం నిలవలేదని ఎప్పుడు చెప్పాలన్నది. పిండం 5 మిల్లీమీటర్లున్నా గుండె కదలిక లేకపోతే, లేదా శాక్ 16 మిల్లీమీటర్లున్నా పిండం లేకపోతే, అయిపోయిందనే చెప్పేవారు ఒకప్పుడు. 2013లో అమెరికా రేడియాలజిస్టుల సంఘం నిపుణులు ఆ హద్దుల్ని 7కి, 25కి పెంచారు. ఒకే పిండాన్ని ఇద్దరు డాక్టర్లు కొలిస్తేనే ఒక మిల్లీమీటరు తేడా రావచ్చు. ఎదుగుతున్న గర్భాన్ని పొరపాటున తీసేస్తే ఇక దిద్దుకోలేం. ఎదురుచూడటం కష్టమే అయినా, దాంతో పోలిస్తే ఆ కష్టం చిన్నది. రిపోర్టులో పిండం కొలత 7 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే మళ్లీ స్కాన్ అడిగే హక్కు గర్భిణికి ఉంది.

నన్నడిగితే, మొదటి స్కాన్‌లో గుండె కన్నా ముందు చూడాల్సింది చోటు. గర్భసంచి లోపల యోక్ శాక్ కనబడిందంటే గర్భం సరైన చోటే ఉన్నట్టు. నూటిలో ఒకటి రెండు గర్భాలు బయట నిలుస్తాయి, వాటిలోనూ ఎక్కువ భాగం ట్యూబ్‌లోనే (అండం గర్భసంచికి చేరే గొట్టం). టెస్ట్ పాజిటివ్ వచ్చి గర్భసంచి ఖాళీగా కనబడితే, అది మరీ తొలి రోజుల గర్భం కావచ్చు, పోయిన గర్భం కావచ్చు, ట్యూబ్‌లో ఉన్నదీ కావచ్చు. ఒక్క స్కాన్‌తో తేలదు కాబట్టే రెండు రోజుల తేడాతో బీటా హెచ్‌సీజీ (గర్భం వస్తే పెరిగే హార్మోన్) రక్తపరీక్ష రాస్తారు. ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క పోటు, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి వస్తే మాత్రం పది రోజుల గడువు వర్తించదు. అర్ధరాత్రయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.