వరి మడి మీథేన్‌ను ఆకాశం నుంచి కొలవగలమా?

రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, భూపాలపల్లి, గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనులు, వరంగల్, కరీంనగర్ జిల్లాల వరి పొలాలు గాలిలోకి వదిలే, భూమిని వేడెక్కించే వాయువుల లెక్క ప్రధానంగా కాగితం మీదే తయారవుతుంది. కాల్చిన బొగ్గు టన్నులనో, నాటిన ఎకరాలనో నిర్ణీత గుణకంతో హెచ్చవేస్తారు. బొగ్గు విషయంలో ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది. మడిలో పుట్టే మీథేన్ మాత్రం నీరు ఎన్నాళ్లు నిలిచింది, కొయ్యకాళ్లను మట్టిలో కలిపి దున్నారా అన్నదాన్ని బట్టి మారిపోతుంది కనుక ఎకరాల లెక్క దానికి చాలదు.

గాలిలోనే నేరుగా, ఎడతెగకుండా కొలవడాన్ని 1958లో హవాయిలోని మౌనా లోవా కొండపై అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ ఆరంభించారు. అప్పుడు పది లక్షల అణువులకు దాదాపు 315గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. అయితే కొండ మీది పరికరం ప్రపంచ సగటును చెబుతుందే గాని, ఏ ఊరి వాటా ఎంతో చెప్పదు. నేలను తాకి వెనుదిరిగిన సూర్యకాంతిలో ఏ తరంగాలను ఏ వాయువు ఎంత పీల్చుకుందో చదివే పరికరాన్ని ఐరోపా 2002లో ఎన్విశాట్ ఉపగ్రహంపై పంపింది. ఈ వాయువుల కోసమే రూపొందించిన జపాన్ ఉపగ్రహం ఇబుకి 2009 జనవరి 23న కక్ష్య చేరింది. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 24న, నాసా ప్రయోగించిన కార్బన్ డయాక్సైడ్ కొలిచే ఉపగ్రహం ఓసీఓ, రాకెట్ ముందుభాగపు తొడుగు విడిపోకపోవడంతో సముద్రంలో కూలింది. ఏళ్ల శ్రమ నిమిషాల్లో పోయినా అదే పరికరాన్ని మళ్లీ నిర్మించి 2014 జూలై 2న ఓసీఓ-2గా పంపిన పట్టుదల ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం. దాని కొలతలతోనే 2017లో కెనడా పరిశోధకులు మధ్యప్రదేశ్‌లోని సాసన్‌తో సహా కొన్ని బొగ్గు విద్యుత్ కేంద్రాల ఉద్గారాలను అంచనా కట్టారు. అంటే రామగుండం వంటి కేంద్రం ఈ చూపుకు అందనిదేమీ కాదు.

మీథేన్‌కు 2017 అక్టోబరులో ఐరోపా ఉపగ్రహంపై వెళ్లిన ట్రోపోమీ పరికరం పెద్ద మలుపు. అది దాదాపు రోజూ భూగోళమంతా చూస్తుంది. ఇంకా సూక్ష్మంగా చూసేందుకు 2024 మార్చిలో పంపిన మీథేన్‌శాట్ ఉపగ్రహంతో 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోయాయి.

మన పొలాలకు వచ్చేసరికి చిక్కు వేరు. యాసంగిలో ఆకాశం తేటగా ఉంటుంది గాని, నీరు నిలిచిన మడి ఈ పరికరాలు చదివే పరారుణ కాంతిని చాలావరకు మింగేసి తిరిగి పంపేది తక్కువ. వానాకాలంలో నాట్లు పడే జూలై, ఆగస్టు నెలల్లో మబ్బు అడ్డుపడుతుంది. ఐరోపా సిద్ధం చేస్తున్న కొత్త సీఓ2ఎం ఉపగ్రహాలూ సూర్యకాంతినే చదువుతాయి కనుక, ఆ రెండు నెలల లెక్క కోసం మడిలోనే పెట్టెలు అమర్చి గాలిని పట్టి కొలవక తప్పదు.