బుద్ధగయ: ఏడేళ్లు ముందు పుట్టిన చట్టం

బుద్ధగయ మహాబోధి ఆలయాన్ని పూర్తిగా బౌద్ధులకే అప్పగించాలన్న డిమాండు మళ్లీ రాజుకుంది. 2025 ఫిబ్రవరి 12న భిక్షువులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ నెలాఖరులో పోలీసులు రాత్రివేళ వాళ్లను ఆలయం దగ్గరి నుంచి తరలించడంతో శిబిరం దగ్గర్లోని దోముహాన్‌కు మారింది. జూన్ 30న సుప్రీంకోర్టు ఒక పిటిషన్‌ను విచారణకు తీసుకోకుండా, హైకోర్టుకు వెళ్లమంది. వివాదమంతా 1949 నాటి బుద్ధగయ ఆలయ చట్టం చుట్టూనే తిరుగుతోంది.

బోధి చెట్టు, అశోకుడు, బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ నాటి మరమ్మతులు అందరికీ తెలిసినవే. నేరుగా చట్టంలోకి వెళదాం. కమిటీలో నలుగురు బౌద్ధులు, శైవ మఠం అధిపతి అయిన మహంతుతో కలిపి నలుగురు హిందువులు ఉంటారు. పైన అధ్యక్షుడిగా గయ జిల్లా మేజిస్ట్రేట్. ఆ అధికారి హిందువు కాకపోతే, ఆయన ఉన్నన్నాళ్లూ మరో హిందువును ప్రభుత్వం నియమించాలని చట్టం మొదట చెప్పింది. సమానమని చెప్పిన లెక్క అలా అయిదు, నాలుగుగా తేలింది.

ఈ సగం-సగం పంపకం 1949లో పుట్టింది కాదు. 1891లో సింహళం నుంచి వచ్చిన అనగారిక ధర్మపాల ఆలయం స్థితి చూసి మహాబోధి సొసైటీని స్థాపించారు. 1895 ఫిబ్రవరి 25న ఆయన జపాన్ నుంచి వచ్చిన బుద్ధ విగ్రహాన్ని ఆలయం పై అంతస్తులో ఉంచితే, అప్పటికి ఆలయం చేతిలో ఉన్న మహంతు మనుషులు దాన్ని కిందికి దించేశారు. మేజిస్ట్రేట్ వాళ్లకు శిక్ష వేశాడు, కలకత్తా హైకోర్టు కొట్టేసింది. కోర్టులో దారి మూసుకుపోయాక బౌద్ధులు కాంగ్రెస్ తలుపు తట్టారు. 1922 గయ మహాసభ తర్వాత రాజేంద్రప్రసాద్ చేతికి వచ్చిన ఈ తగువుకు ఉమ్మడి కమిటీయే మందు అని తేల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక బీహార్ ప్రభుత్వం ఆ రాజీనే చట్టం చేసింది.

అసలు చిక్కు మరో నిబంధనలో ఉంది. సభ్యులంతా భారతీయులే అయి ఉండాలి. అప్పటిదాకా గొంతెత్తినవాళ్లు ఎక్కువగా సింహళీయులు, బర్మావాళ్లు. సభ్యత్వం దక్కని వాళ్లకు సలహా మండలిలో మాత్రం చోటు ఉంచారు. దేశంలోని బౌద్ధులా? 1951 జనగణనలో లక్షా ఎనభై వేలు. ఆ చట్టం రాసినవాళ్ల కళ్ల ముందున్న బౌద్ధుడు అతిథే తప్ప ఇంటివాడు కాదు.

ఏడేళ్లకు, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించారు. 1961 నాటికి దేశంలో బౌద్ధుల సంఖ్య 32 లక్షలు దాటింది. ఈ కొత్త బౌద్ధులు ఎవరి సలహా మండలిలోనూ ఇమిడేవాళ్లు కారు, ఓటు ఉన్న పౌరులు. 1992లో జపాన్‌లో పుట్టిన భిక్షువు సురై ససాయ్ నాయకత్వంలో బుద్ధగయకు కదిలింది ప్రధానంగా వీళ్లే. 2025 దీక్షా శిబిరంలోనూ అంబేడ్కర్ పటం కనిపించడం యాదృచ్ఛికం కాదు. తమ పవిత్ర క్షేత్రంలో తాము సగం వాటాదారులమేనా అన్నది వాళ్ల ప్రశ్న. గర్భగుడి నేలలో శివలింగం, ప్రాంగణంలో పంచపాండవుల పేరిట పూజలందుకునే బుద్ధ విగ్రహాలు వాళ్లకు రోజూ కనిపించే గాయాలు.

పదహారో శతాబ్దం చివర శైవ సాధువు ఘమండీ గిరి వచ్చేనాటికి అక్కడ దీపం పెట్టే దిక్కు లేదని, కాచింది తామేనని మఠం వాదన. అందులో నిజం లేకపోలేదు. 1870లలో బర్మా రాజు మిండన్ మనుషులు మరమ్మతులకు వచ్చినప్పుడు మహంతు అనుమతి తీసుకున్నారు. బుద్ధుడు విష్ణువు అవతారమే కదా అన్నది రెండో మాట. అవతారమైతే పూజించవచ్చు, తాళంచెవి కూడా ఉంచుకోవాలని లేదు.

గయలో పిండాలు పెట్టి, ఇష్టమైన కాయో పండో వదిలేసి వచ్చే తెలుగు కుటుంబాలు దారిలో బోధి చెట్టునూ చూసి వస్తాయి. ఆలయ భూమిలో పిండప్రదానం చేసుకునే హక్కును ఈ చట్టమే రాసి ఇచ్చింది. యాజమాన్యం మారితే ఆ హక్కు పోతుందన్న భయం హిందూ పక్షంలో ఉంది. కానీ పూజించే హక్కు, పెత్తనం చేసే హక్కు ఒకటే కావు.

అధ్యక్షుడు హిందువే కావాలన్న షరతును 2013లో బీహార్ తీసేసింది. నాలుగు, నాలుగు అలాగే ఉన్నాయి. ఆలయం వాడకంపై హిందువులకూ బౌద్ధులకూ తగువు వస్తే రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయమే అంతిమమన్న సెక్షన్ కూడా అలాగే ఉంది.