ప్యాకేజీ రిపోర్టు చూసి పప్పు మానేయకండి: మాస్ట్ సెల్ జబ్బులపై అపోహలు - వాస్తవాలు

డెంగీయో, చికున్‌గున్యాయో, కోవిడో వచ్చి తగ్గుతుంది. నెలలు గడిచినా నీరసం వదలదు. మధ్యమధ్యలో దద్దుర్లు, గుండెదడ, ఒళ్లంతా సెగలు. ఇలాంటివాళ్లు ఈమధ్య మా అలర్జీ క్లినిక్‌కి జబ్బు పేరు తేల్చుకునే వస్తున్నారు: మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్. అంటే ఒంట్లో అలర్జీ రసాయనాలు వదిలే మాస్ట్ సెల్స్ అనే కణాలు ఊరికే రెచ్చిపోయే జబ్బు. చేతిలో ఏ తిండి పడదో చెబుతామనే ల్యాబ్ ప్యాకేజీ రిపోర్టు, ఫోన్‌లో తినకూడనివాటి జాబితా.

అపోహ: రిపోర్టులో ఎర్ర రంగులో వచ్చిన పదార్థాలన్నీ మానేస్తే తగ్గిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ కొంప ముంచుతున్నది ఇదే. కూకట్‌పల్లి నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. గోధుమ, పాలు, పెరుగు, కందిపప్పు, గుడ్డు రిపోర్టు చూసి మానేశారు. టమాటా, చింతపండు, వంకాయ నెట్‌లో చూసి మానేశారు. ఇక మిగిలింది అన్నం, సొరకాయ. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "ఏం తినొచ్చో అదొక్కటి చెప్పండి సార్, చాలు" అన్నారు. పక్కనున్న అత్తగారు "అంతా టెన్షనే డాక్టరు గారూ" అని అందుకున్నారు.

ఆ రిపోర్టు ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) టెస్టుది. ఒక పదార్థానికి ఐజీజీ ఉందంటే దాన్ని మీరు తింటున్నారని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. డబ్బులు తీసుకుని ఇలాంటి కాగితం చేతిలో పెట్టేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ ఐజీఈ, అది పాజిటివ్ వచ్చినా, తిన్నప్పుడు ఏమీ కాకపోతే దాన్ని అలర్జీ అనరు.

నిజంగా మాస్ట్ సెల్స్ రెచ్చిపోతే ఆ సంగతి ఎటాక్‌లా వస్తుంది. దద్దుర్లతోపాటు కడుపునొప్పి, విరేచనాలు, లేదా ముఖం ఎర్రబడి బీపీ పడిపోవడం: ఇలా కనీసం రెండు వ్యవస్థలు ఒకేసారి దెబ్బతింటాయి. రుజువు కావాలంటే ఆ ఎటాక్ మొదలైన 4 గంటల్లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ (మాస్ట్ సెల్స్ వదిలే ఒక ఎంజైమ్) చూడాలి. పూర్తిగా తగ్గాక, కనీసం 24 గంటల తర్వాత మళ్లీ చూసి రెండూ పోల్చాలి. మామూలు రోజు అంకెకు 20 శాతం, దానిపైన ఇంకో 2 కలిపినంత పెరగాలి. అంటే మామూలు రోజు 5 ఉన్నవాళ్లకు ఎటాక్‌లో 8 వస్తే లెక్కలోకి వస్తుంది. చాలా ల్యాబుల్లో 11.4 దాకా నార్మలే కాబట్టి ఆ 8 పక్కన కూడా 'నార్మల్' అనే రాస్తారు! ఒక్క అంకె చూసి ఉందనీ, లేదనీ చెప్పలేం.

టీచరమ్మకు అలాంటి ఎటాక్‌లే లేవు. నిలబడి పాఠం చెబుతుంటే గుండెదడ, కళ్లు తిరగడం. పడుకోబెట్టి చూస్తే నాడి 76. లేపి నిలబెట్టాం, పదో నిమిషానికి 114. బీపీ పడలేదు. ఇది పాట్స్, అంటే లేచి నిలబడితే బీపీ పడకుండానే గుండె వేగం బాగా పెరిగిపోయే సమస్య. వైరల్ జబ్బుల తర్వాత తరచుగా చూస్తాం. టెన్షన్ కాదని అత్తగారికి ఆ అంకెలే చూపించాను. నీళ్లు, ఉప్పు పెంచి, బిగుతు సాక్సులు వేసుకోమని, పెరుగన్నం ఆ పూటే తినమని చెప్పి పంపాను.

అపోహ: లాంగ్ కోవిడ్ అంటేనే మాస్ట్ సెల్ జబ్బు.

కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని బాధలే లాంగ్ కోవిడ్. ఈ రెండింటి లక్షణాలూ బాగా కలుస్తాయి. వైరస్ మాస్ట్ సెల్స్‌ను రెచ్చగొట్టి ఉండొచ్చని పరిశోధకుల అనుమానం. కొందరికి యాంటీహిస్టమిన్లతో (సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలతో) ఊరట దొరికిన మాటా నిజమే. కానీ అసలు కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదు. సెట్రిజిన్‌తో తగ్గింది కాబట్టి ఇదే జబ్బు అనడమూ కుదరదు, మామూలు దద్దుర్లూ దాంతోనే తగ్గుతాయి. కాస్త పని చేస్తే మర్నాడు మంచం పట్టేవాళ్లను మాత్రం "వాకింగ్ చెయ్, అదే పోతుంది" అని తరమకండి. వాళ్లకు అది ఇంకా చేటు.

అపోహ: మాస్ట్ సెల్ జబ్బంటే క్యాన్సరే.

క్యాన్సర్ మాట వచ్చేది మాస్ట్ సెల్స్ సంఖ్యే పెరిగిపోయే మాస్టోసైటోసిస్ వల్ల. అది వేరే జబ్బు, అరుదైనది. అది వచ్చిన పెద్దవాళ్లలోనూ ఎక్కువమందికి నెమ్మదిగా ఉండే రకమే.

అపోహ: ఎంత పెద్ద రియాక్షన్‌కైనా అవిల్ (అలర్జీ మందు), డెక్సోనా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ చాలు.

చాలదు. ఊపిరాడకపోయినా, బీపీ పడిపోయినా ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, తొడ కండలోకి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఒకసారి అలా అయినవాళ్లు ‘ముందు అడ్రినలిన్’ అన్న మాట కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. క్యాజువాలిటీలో మాట్లాడే ఓపిక మీకు ఉండకపోవచ్చు.